ఇసుక అడుగున బాల్యం, రాతిపై నాట్యం: ప్రమాదపుటంచున పశ్చిమ కనుమల నర్తన కప్పలు

(ప్రత్యేక వ్యాసం)

తెలుగు పల్లెల్లో కప్ప అరుపు వానకు ముందస్తు కబురు. వానలు ముఖం చాటేసిన సంవత్సరాల్లో కప్పతల్లిని ఊరేగించి, ఇంటింటా నీళ్లు పోయించుకొనే ఆచారం నేటికీ కొన్ని గ్రామాల్లో కొనసాగుతున్నది. తొలకరి జల్లు పడగానే చెరువులు, కుంటలు, వరి మడులు కప్పల బెకబెకలతో మారుమోగడం అందరికీ తెలిసినదే. అయితే కప్పలన్నింటి జీవనవిధానం ఒకే తీరుగా ఉండదు. నిలువ నీటిని ఆశ్రయించక, దట్టమైన అడవిలో రాళ్ల మధ్య పారే చిన్న వాగును మాత్రమే నమ్ముకొని, వాన జోరు తగ్గేవరకు వేచి చూసి, ఆ తరువాతనే సంతానోత్పత్తికి పూనుకొనే కప్పలు కూడా ఉన్నాయి. పశ్చిమ కనుమలకే పరిమితమైన నర్తన కప్పలు ఈ కోవకు చెందినవి.

మైక్రిక్సాలస్ అనే శాస్త్రీయ నామంతో వ్యవహరించే ఈ ప్రజాతి కప్పలు నేడు తీవ్రమైన ముప్పును ఎదుర్కొంటున్నాయి. ప్రపంచ ఉభయచరాల స్థితిగతులపై 2023 అక్టోబరులో వెలువడిన రెండవ సమగ్ర అంచనా ప్రకారం, భారతదేశంలోని ఉభయచర ప్రజాతులన్నింటిలోను అత్యధికంగా ప్రమాదంలో ఉన్నది ఇదే. ప్రపంచస్థాయిలో ఇది అయిదవ స్థానంలో నిలిచింది. ఈ ప్రజాతిలోని 24 జాతులలో రెండు అత్యంత ప్రమాదకర స్థితిలోను, 15 ప్రమాదకర స్థితిలోను ఉన్నట్లు ఆ అంచనా పేర్కొన్నది. ఈ కప్పల మనుగడ అడవి విస్తీర్ణంపై మాత్రమే గాక, అడవిలోని వాగు అడుగున ఉన్న ఇసుక, గులకరాళ్ల పొరపై కూడా ఆధారపడి ఉన్నదన్న విషయం ఇటీవలి పరిశోధనల వల్ల వెల్లడైనది. అధికార యంత్రాంగం, పాత్రికేయులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం కూడా ఇదే.

ఒకే కుటుంబం, ఒకే పర్వతశ్రేణి

నర్తన కప్పల కుటుంబమైన మైక్రిక్సాలిడేలో ఉన్నది ఒకే ఒక్క ప్రజాతి. ఆ ప్రజాతి పశ్చిమ కనుమలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. ముఖ్యంగా కేరళ, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల పరిధిలోని సతత హరిత అరణ్యాలలో, నీడ పట్టున పారే వాగుల ఒడ్డున ఇవి జీవిస్తాయి. పరిమాణంలో ఇవి చాలా చిన్నవి. ఎదిగిన కప్ప పొడవు సాధారణంగా రెండు, మూడు సెంటీమీటర్లకు మించదు. ఒంటి రంగు తడిసిన రాళ్ల రంగును, రాలిన ఆకుల రంగును పోలి ఉండడం వల్ల, కదలనంతసేపు ఇవి కంటికి ఆనవు.

ఈ కప్పలలో ఒకటైన మైక్రిక్సాలస్ సాక్సికోలాను 1853లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవారు థామస్ కావెర్‌హిల్ జెర్డాన్. మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యునిగా పనిచేసిన ఆయన కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నారు. 1848లో వర్ణించబడి, చాలాకాలం అంతరించినట్లుగా భావించబడి, 1986లో కడప జిల్లాలో తిరిగి కనిపించిన కలివికోడికి ఆంగ్లంలో ఉన్న పేరు ఆయనదే. అనంతరం బెంగళూరు సెంట్రల్ కళాశాలలో జంతుశాస్త్ర ఆచార్యులైన సి.ఆర్. నారాయణరావు, 1937లో చికమగళూరు జిల్లా కొట్టిగెహార పేరుతో మరొక జాతిని వర్ణించారు. 1932లో ప్రారంభమైన కరెంట్ సైన్స్ పత్రికకు తొలి సంపాదకులు కూడా ఆయనే. ఆయన సేకరించిన నమూనాలు తరువాతి కాలంలో లభ్యం కాకుండాపోవడంతో ఈ కప్పల గుర్తింపు దశాబ్దాలపాటు చిక్కుముడిగా మిగిలిపోయింది.

ఆ చిక్కుముడి 2014లో చాలావరకు వీడింది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.డి. బిజు, ఆయన సహచరులు పన్నెండేళ్లపాటు క్షేత్ర పర్యటనలు జరిపి, జన్యు పరీక్షల ఆధారంగా 14 కొత్త జాతులను ప్రకటించారు. దీనితో ఈ ప్రజాతిలోని జాతుల సంఖ్య 24కు చేరింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. జాతుల సంఖ్య పెరగడమంటే కప్పల సంఖ్య పెరగడం కాదు. అంతవరకు విశాలమైన ప్రాంతంలో వ్యాపించి ఉన్న ఒకే జాతిగా భావించినది, నిజానికి వేర్వేరు కొండలకు పరిమితమైన పలు జాతులుగా తేలింది. అంటే ఒక్కొక్క జాతికి మిగిలిన నివాస ప్రాంతం మునుపు అనుకొన్నదానికంటే చాలా చిన్నది. ఒక లోయలోని వాగులు పాడైతే, ఆ లోయకే పరిమితమైన జాతి మొత్తం కనుమరుగయ్యే అవకాశం ఉన్నది.

వాగు రొదలో కాలితో సంకేతం

రాళ్లపై దూకుతూ పారే వాగు నిరంతరం రొద చేస్తూనే ఉంటుంది. ఆ రొదలో చిన్న కప్ప గొంతు దూరం వరకు వినిపించదు. ఈ ఇబ్బందిని అధిగమించడానికి నర్తన కప్పలు కంటికి కనిపించే సంకేతాన్ని ఎంచుకొన్నాయి. మగ కప్ప నీటి అంచున ఉన్న రాతిపై కూర్చొని ముందుగా కూత పెడుతుంది. ఆపై వెనుక కాలితో రాతిని తడుతుంది. అనంతరం ఒక వెనుక కాలిని పూర్తిగా వెనుకకు చాచి, వేళ్ల మధ్య పొరను విచ్చి, గాలిలో ఆడిస్తుంది. కాలివేళ్ల నడుమ పొర జెండా మాదిరిగా కనిపించడం వల్ల శాస్త్రజ్ఞులు ఈ చర్యను పాదపతాక సంకేతంగా అభివర్ణించారు. నర్తన కప్ప అనే పేరు రావడానికి కారణం కూడా ఇదే.

ఈ నాట్యం వేడుక కోసం చేసేది కాదు. ఆస్ట్రియా, భారతదేశాలకు చెందిన పరిశోధకులు కర్ణాటకలోని పశ్చిమ కనుమలలో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మగ కప్పలు ఒకదానినొకటి ఎదుర్కొనే సందర్భాల్లో ఈ సంకేతాలు ప్రధానంగా వెలువడతాయి. కూత ఎదుటి కప్ప దృష్టిని తనవైపు తిప్పుకొంటుంది. కాలి కదలిక తన హద్దును చాటి చెబుతుంది. ఆ హెచ్చరికను లక్ష్యపెట్టక ముందుకు వచ్చిన కప్పను కాలితో తన్ని రాతిపై నుండి నెట్టివేయడం కూడా జరుగుతుంది. బోర్నియోలోను, బ్రెజిల్‌లోను వాగుల ఒడ్డున జీవించే మరికొన్ని కప్పలలో ఇటువంటి సంకేతాలు కనిపిస్తాయి. వాటికి, నర్తన కప్పలకు దగ్గరి బంధుత్వం లేదు. ఒకే రకమైన పరిసరాలు వేర్వేరు ఖండాలలో ఒకే రకమైన నడవడికకు దారితీశాయని దీనివల్ల అర్థమవుతున్నది.

ఈ సంకేతం పనిచేయాలంటే నీటిపైకి తేలి ఉన్న రాళ్లు, వాటిపై తడి, తగిన నీడ, కప్పలు ఒకదానికొకటి కనిపించేపాటి నిలకడైన ప్రవాహం ఉండాలి. వాగు వరదగా పొంగినా, పూర్తిగా ఎండినా ఈ రాతి వేదికలు ఉపయోగపడవు.

వాన తగ్గాక పిల్లల తరుణం

నైరుతి రుతుపవనాలు ఉధృతంగా ఉన్న రోజులలో కనుమల వాగులు గుడ్లను, పిల్లలను కొట్టుకొనిపోయేంత వేగంగా పారుతాయి. అందువలన వాన జోరు తగ్గి, నీటిమట్టం దిగివచ్చిన తరువాతనే ఈ కప్పలు జతకడతాయి. జత కుదిరిన ఆడ కప్ప, లోతు తక్కువగా ఉన్న చోట వెనుక కాళ్లతో వాగు అడుగును తవ్వి, చిన్న గుంట చేసి, అందులో గుడ్లు పెడుతుంది. అనంతరం అవే కాళ్లతో ఇసుకను, చిరు గులకరాళ్లను గుంటపైకి నెట్టి కప్పివేస్తుంది. శాస్త్రజ్ఞులు కె.వి. గురురాజ 2010లో ఈ విధానాన్ని వర్ణించారు. నీటి ఉపరితలంపై నురుగులోనో, ఆకులపైనో, నిలువ నీటిలోనో గుడ్లు పెట్టే ఇతర కప్పలకు ఇది పూర్తిగా భిన్నమైనది.

ఈ విధానం వల్ల గుడ్లకు రెండు మేళ్లు జరుగుతున్నాయి. ప్రవాహం వాటిని కొట్టుకొనిపోదు. చేపలు, పురుగుల కంట అవి సులువుగా పడవు. అయితే ఇసుక రేణువుల మధ్య ఖాళీల గుండా స్వచ్ఛమైన నీరు ప్రసరిస్తూ ఉంటేనే గుడ్లకు ప్రాణవాయువు అందుతుంది. ఈ ఖాళీలు సన్నని ఒండ్రుతో పూడుకొనిపోతే రక్షణ కవచంగా ఉండవలసిన ఇసుక పొరే గుడ్లకు సమాధిగా మారగలదు.

ఇసుక అడుగున తోకకప్పలు

నర్తన కప్పల పిల్లలు ఎక్కడ పెరుగుతాయన్నది చాలాకాలం తెలియరాలేదు. పెద్ద కప్పలు వాగుల ఒడ్డున కనిపిస్తున్నా, నీటిలో వాటి తోకకప్పల జాడ దొరకలేదు. 2016లో ఢిల్లీ, శ్రీలంకలోని పేరాదెణియ, అమెరికాలోని గెట్టిస్‌బర్గ్ విద్యాసంస్థల పరిశోధకులు మైక్రిక్సాలస్ హెర్రీ అనే జాతి తోకకప్పలను వాగు అడుగున ఇసుకలో కనుగొన్నట్లు ప్రకటించారు. అవి నీటిలో ఈదుతూ గాక, ఇసుక లోపల చీకటిలో సంచరిస్తూ పెరుగుతున్నాయి.

అందుకు తగినట్లుగానే వాటి శరీర నిర్మాణం ఉన్నది. పాము చేపను తలపించే సన్నని, కండపుష్టి గల ఒళ్లు ఇసుకను చీల్చుకొని ముందుకు సాగడానికి తోడ్పడుతుంది. కళ్లు చర్మపు పొరతో కప్పబడి ఉండడం వల్ల ఇసుక రాపిడి నుండి రక్షణ లభిస్తుంది. దవడల తొడుగులు రంపపు అంచులవలె ఉండి, పెద్ద రేణువులు నోటిలోకి పోకుండా అడ్డుకొంటాయని పరిశోధకులు భావిస్తున్నారు. సాధారణంగా తోకకప్పలలో పక్కటెముకలు కనిపించవు. వీటిలో మాత్రం అవి స్పష్టంగా ఏర్పడి ఉన్నాయి. ఇసుకలో కదలడానికి అవసరమైన కండరాలకు అవి ఆధారంగా ఉపకరించవచ్చునని అంచనా. శరీరంలో సున్నపు పదార్థాన్ని నిలువ చేసే తెల్లని సంచులు ఉండడం మరొక విశేషం. ఇసుకతోపాటు లోపలికి పోయే కుళ్లిన ఆకులు, ఇతర సేంద్రియ పదార్థాలే వాటి ఆహారం. కాళ్లు వచ్చి పిల్లకప్పలుగా మారిన తరువాతనే అవి వెలుగులోకి వస్తాయి.

ఈ పరిశోధన పరిరక్షణ దృక్పథాన్నే మార్చవలసినంతటి ప్రాధాన్యం గలది. పైకి కప్పలు కనిపించని వాగులో కూడా ఇసుక అడుగున ఒక తరం మొత్తం పెరుగుతూ ఉండవచ్చును. కనుక కనిపించలేదన్న ఒక్క కారణంతో అక్కడ ఈ కప్పలు లేవని నిర్ధారించడం సరికాదు.

ముప్పు ఏ దిశ నుండి

కొండ వాలులలోని అడవి కాఫీ, తేయాకు, పోక తోటలుగా మారడం ఈ కప్పలకు మొదటి నుండి ఉన్న ముప్పు. వాగుపై చెట్ల గొడుగు పలచబడితే ఎండ నేరుగా నీటిపై పడుతుంది. నీరు వేడెక్కుతుంది, రాళ్లు ఆరిపోతాయి. చర్మం ద్వారా కూడా శ్వాసించే కప్పకు తడి లేకపోవడం ప్రాణాంతకం. తోటల కోసం వాగు నీటిని మళ్లించడం, అడుగున ఇసుక తీయడం, వాలును తొలిచి రహదారులు నిర్మించడం వల్ల కలిగే నష్టం ఇంతకంటే తక్కువేమీ కాదు. పురుగుమందుల అవశేషాలు వాననీటితో కలిసి చేరేది కూడా ఈ వాగులలోకే.

ఒండ్రు సమస్యకు పశ్చిమ కనుమలలో పెద్ద ఉదాహరణ కుద్రేముఖ్. భద్ర నది పరీవాహకంలో సాగిన ఇనుప ఖనిజ తవ్వకాల వల్ల నదిలోకి పెద్ద ఎత్తున మట్టి చేరుతున్నదన్న ఆందోళన వ్యక్తమైనది. సుప్రీంకోర్టు 2002లో ఇచ్చిన తీర్పుననుసరించి అక్కడి తవ్వకాలు 2005 డిసెంబరు 31తో నిలిచిపోయాయి.

దోమల నివారణకై విదేశాల నుండి తెచ్చిన గంబూషియా చేప మరొక సమస్యగా పరిణమించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని పురపాలక సంఘాలకు కూడా ఈ చేప సుపరిచితమైనదే. ఇది దోమ పిల్లలతోపాటు కప్పల గుడ్లను, తోకకప్పలను కూడా తింటుంది. మురుగు కుంటలో వదిలిన చేప వానాకాలంలో కాలువల గుండా సహజ జలాలలోకి చేరే ప్రమాదం ఉన్నందున, అటవీ ప్రాంతాల సమీపంలో దీని వినియోగం విషయంలో అప్రమత్తత అవసరం. ప్రపంచంలో పలు ఉభయచర జాతుల క్షీణతకు కారణమైన శిలీంధ్ర వ్యాధి ఆనవాళ్లు పశ్చిమ కనుమల కప్పలలో కూడా నమోదయ్యాయి.

వీటన్నింటికి తోడు వాతావరణ మార్పు తోడైనది. 2023 అంచనాలో 8,011 ఉభయచర జాతులను పరిశీలించగా, సుమారు 41 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నట్లు తేలింది. 2004 తరువాత స్థితి దిగజారిన జాతులలో 39 శాతానికి వాతావరణ మార్పు, 37 శాతానికి నివాసాల విధ్వంసం ప్రధాన కారణాలని ఆ నివేదిక వివరించింది. వాన తగ్గిన తరువాత లభించే పరిమితమైన వ్యవధిపై సంతానోత్పత్తి ఆధారపడిన నర్తన కప్పలకు అకాల వర్షం, ముందస్తు ఎండ రెండూ చేటు చేస్తాయి. గుడ్లు పెట్టిన పిదప వరద వస్తే ఇసుక పొర చెదిరిపోతుంది. వాగు తొందరగా ఎండితే తోకకప్పలు ఇసుకలోనే మరణిస్తాయి.

తెలుగు నేలతో ముడి

నర్తన కప్పలు తెలుగు రాష్ట్రాలలో లేవు. అయినప్పటికీ అవి జీవించే కనుమల క్షేమంతో తెలుగు రైతుకు సంబంధం లేదనుకోరాదు. చికమగళూరు జిల్లా గంగామూల వద్ద పుట్టిన తుంగ, భద్ర నదులు శివమొగ్గ సమీపంలోని కూడ్లి వద్ద కలిసి తుంగభద్రగా మారుతున్నాయి. ఆ నది కర్నూలు దాటిన తరువాత కృష్ణలో కలుస్తున్నది. తుంగభద్ర ఎగువ, దిగువ కాలువలు, కడప-కర్నూలు కాలువ, రాజోలిబండ మళ్లింపు పథకం కింద సాగయ్యే భూములకు ఆ కొండల నీరే ఆధారం. నీడ, ఇసుక, నిలకడైన ప్రవాహం గల వాగులే కప్పకు కావాలి. వానను ఒడిసిపట్టి నెమ్మదిగా నదికి అందించేవి కూడా అటువంటి వాగులే.

పశ్చిమ కనుమలలోని 39 ప్రదేశాలను యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మాధవ్ గాడ్గిల్ అధ్యక్షతన ఏర్పాటైన నిపుణుల బృందం 2011లోను, కస్తూరిరంగన్ అధ్యక్షతన ఏర్పాటైన కార్యనిర్వాహక బృందం 2013లోను తమ నివేదికలను సమర్పించాయి. ఆరు రాష్ట్రాల పరిధిలో 56 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతాన్ని పర్యావరణపరంగా సున్నితమైనదిగా ప్రతిపాదిస్తూ కేంద్ర ప్రభుత్వం 2024 జూలై 31న ఆరవ పర్యాయం ముసాయిదా ప్రకటన జారీ చేసింది. జీవనోపాధి, అభివృద్ధి అవసరాల దృష్ట్యా రాష్ట్రాలు, స్థానిక ప్రజలు వ్యక్తం చేసిన అభ్యంతరాలే ముసాయిదా పలుమార్లు వెలువడడానికి ప్రధాన కారణం.

గమనించవలసిన అంశాలు

నర్తన కప్పల జీవనవిధానం నుండి ఏ అటవీ ప్రాంతానికైనా, తూర్పు కనుమలకైనా వర్తించే కొన్ని పాఠాలు లభిస్తున్నాయి.

అటవీ భూమిలో చేపట్టే పనుల పరిశీలనలో నరికే చెట్ల సంఖ్యతోపాటు, దిగువన ఉన్న చిన్న వాగులలోకి ఎంత మట్టి చేరగలదన్నది కూడా లెక్కలోకి తీసుకోవడం అవసరం. పటంలో పేరు లేనంత మాత్రాన వాగుకు ప్రాణం లేదని భావించరాదు.

జీవవైవిధ్య సర్వేలను ఒక్క ఋతువుకు పరిమితం చేయరాదు. వేసవిలో జరిపిన సర్వేలో కనిపించని కప్ప, వాన తగ్గిన తరువాత అదే వాగులో కనిపించవచ్చును.

వాగు ఒడ్డున చెట్ల వరుసను నిలిపి ఉంచడం, ప్రవాహ మార్గంలో రాళ్లను, ఇసుకను కదిలించకుండా ఉండడం పెద్దగా ఖర్చు లేని రక్షణ చర్యలు. తోటల యజమానుల సహకారంతో వీటిని అమలుపరచవచ్చును.

పాత్రికేయులు అరుదైన జాతుల గురించి రాసేటప్పుడు అవి లభించే వాగు, స్థలం వివరాలను కచ్చితంగా పేర్కొనకపోవడం మేలు. ఛాయాచిత్రాల కోసం జనం గుమిగూడి, రాళ్లను తిరగవేసి, అడుగును తొక్కితే కంటికి కనిపించని తోకకప్పలకే ముందుగా హాని కలుగుతుంది. అలాగే కొత్త జాతి లభ్యమైనదన్న వార్తతోపాటు, దాని నివాసం ఎంత పరిమితమైనదన్న విషయాన్ని కూడా పాఠకులకు తెలియజేయడం సముచితం.

రాతిపై కాలు చాచి నిలిచిన కప్ప చిత్రం చూపరులను ఇట్టే ఆకట్టుకొంటుంది. ఆ కప్పకు వారసులు ఉంటాయా లేదా అన్నది మాత్రం రాతి కింద, నీటి కింద, చీకటిలో నిర్ణయమవుతున్నది. గుప్పెడు ఇసుకను దాని చోటనే ఉండనివ్వడం ఒక జాతి మనుగడకు ఆధారం కాగలదన్న సత్యాన్ని గుర్తించి, వాగులకు సంబంధించిన ప్రతి నిర్ణయంలోను ఆ గుర్తింపును ప్రతిబింబింపజేయవలసిన బాధ్యత సంబంధిత శాఖలన్నింటిపై ఉన్నది.